మాస్టారికి స్కోరు చెప్పకూడదు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. పోయిన బుధవారం పొద్దున్న ఆరున్నరకి మాస్టారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, నాకు ఫోను చేశారు. "అబ్బాయ్, మీ మాస్టారు లేవట్లేదు. కాఫీ చల్లారిపోతోంది" అన్నారు. గొంతులో ఏడుపు లేదు, కాఫీ చల్లారిపోతోందన్న చిరాకే ఉంది. నేను బండి తీసి చిలకలపూడిలో వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆ చిరాకు కూడా పోయింది మొహంలో.

నాకు ఏడుపు రావడానికి టైము దొరకలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరికీ చెప్పాలి కదా. ఫోను తీసి వరసగా మొదలుపెట్టాను. మొదటివాడు "ఒరేయ్, సిగ్గులేదురా నీకు, మాస్టారి మీద కూడానా జోకులు?" అని పెట్టేశాడు. రెండోవాడు నవ్వాడు. మూడోవాడు "సరేలే, దహనం ఎన్నింటికి? నువ్వు కూడా పక్కన పడుకో" అన్నాడు. ఇలా కాదని మాస్టారు బావగారూ అని పిలిచే పక్కింటాయన చేత చేయించాను. ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి, అబద్ధం ఆడితే వడ్డీ కట్టాల్సొస్తుందన్నట్టు మాట్లాడతారు. ఆయన చెబితే నమ్మారు. అరగంటలో వీధంతా బళ్లు.

తప్పు వాళ్లది కాదులెండి. తొమ్మిదో తరగతిలో హెడ్‌మాస్టారు పోయారని పుకారు పుట్టించి స్కూలుకి ఒక పూట సెలవు ఇప్పించిన ఘనుణ్ణి నేనే. ఆ హెడ్‌మాస్టారు అవనిగడ్డలో పెళ్లికి వెళ్లి, సాయంత్రం బస్సు దిగి, తన కోసం దండ పట్టుకుని వస్తున్న పిల్లలకి ఎదురుపడ్డారు. దండ ఎవరి కోసంరా అని అడిగారు కూడా పాపం.

అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఇందులో నేను ఆడిన అబద్ధాలు ఉన్నాయి గానీ, అవి వచ్చిన చోట ఇదిగో ఇది అబద్ధం అని నేనే చూపిస్తాను. మిగతాదంతా జరిగినదే. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడి చేత మాస్టారి సంస్మరణకి ఈ వ్యాసం ఎందుకు రాయిస్తున్నారని పాత విద్యార్థుల్ని అడిగాను. మీలో లెక్చరర్లున్నారు, డాక్టర్లున్నారు కదా అన్నాను. "ఆ ఇంటి గుమ్మం ఆఖరి ఏళ్లల్లో నువ్వే ఎక్కువ తొక్కావు, నువ్వే రాయి" అన్నారు. నిజమే. నాది కేబులు వ్యాపారం, ఇప్పుడు ఇంటర్నెట్టు వైర్లు లాగుతున్నాం. బందరులో నేను ఎక్కని డాబా లేదు. మాస్టారి డాబా మాత్రం ఎక్కి, దిగి, అక్కడే ఉండిపోయాను.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. చదువుకోనివాళ్ల కోసం ఒక మాట. మా స్కూల్లో డ్రిల్లు పీరియడ్ అంటే అన్ని స్కూళ్లలాగే పిల్లల్ని వదిలేసి టీచరు చెట్టుకింద పేపరు చదువుకునే పీరియడ్ అనుకుని చేరాను నేను. ఈయన వేరు. తెల్ల కాన్వాసు బూట్లు, ప్రతి ఆదివారం సుద్ద రాసి ఎండబెట్టినవి. మెళ్లో విజిలు. రిటైరయ్యాక కూరగాయలకి వెళ్లినా ఆ విజిలు మెళ్లోనే ఉండేది. కోనేరు సెంటర్లో ఎవడైనా రాంగ్ సైడులో వస్తే చెయ్యి దానంతటదే పైకి లేచేది, అమ్మగారు పట్టుకుని కిందకి దించేవారు.

స్కూలు వెనకాల పాత సిమెంటు గచ్చు మీద రెండు ఇనుప స్తంభాలు, రెండు రింగులు. అందరూ కబడ్డీ, వాలీబాల్ ఆడుతుంటే ఈయన మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి బాస్కెట్‌బాల్ అనేవారు. బంతి మాత్రం ఇచ్చేవారు కాదు. నెల రోజులు బంతి లేకుండా ఆట. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు, పరిగెత్తండి, ఆగండి, తిరగండి, ఖాళీ ఎక్కడుందో వెతకండి. నాకు ఒళ్లు మండిపోయింది. దాచేసి అల్లరి చేద్దామన్నా బంతే లేదు, ఏం చెయ్యను? ఒకరోజు అడిగేశాను.

"బంతి లేకుండా ఆటేంటండీ, అన్నం లేకుండా విస్తరి వేసినట్టు?"

"ఒరేయ్, ఆటలో బంతి ఎంతమంది దగ్గరుంటుందిరా?"

"ఒక్కడి దగ్గరండీ."

"మిగతా తొమ్మిదిమందీ ఏం చేస్తున్నారో, అదేరా ఆట. ఆ ఒక్కణ్ణి ఎవడైనా చూస్తాడు."

ఆ మాట అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. చెవి మెలిపెట్టింది మాత్రం బాగా ఎక్కింది.

ఆ తర్వాత నేను చదువు మానేశాను, పెళ్లి చేసుకున్నాను, వైర్లు లాగాను, జుట్టు పోగొట్టుకున్నాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒకరోజు మాస్టారింటి నుంచి కొత్త కనెక్షన్ కావాలని ఫోను వచ్చింది. స్వయంగా నేనే వెళ్లాను. అన్నీ బిగించాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో బాస్కెట్‌బాల్ వస్తుందా?"

అమెరికా వాళ్ల ఆట పెట్టాను. ఐదు నిమిషాలు చూసి "బాగా ఎగురుతున్నారు" అన్నారు. మా మాస్టారి భాషలో అది మెచ్చుకోలు కాదు. వెతగ్గా వెతగ్గా యూరప్ క్లబ్బుల పోటీ ఒకటి దొరికింది. ఇస్తాంబులు, మాడ్రిడ్డు, ఏథెన్సు, బెల్‌గ్రేడు, ఇలా ఇరవై దాకా జట్లు. దసరా వెళ్లాక మొదలుపెట్టి, ప్రతివాడూ ప్రతివాడితో వాళ్ల ఊళ్లో ఒకసారి, వీళ్ల ఊళ్లో ఒకసారి ఆడుకుని, ఆవకాయలు కలిపే రోజులకి వడగట్టి నాలుగు జట్లు మిగుల్తాయి. ఆ నాలుగూ ఒకే ఊళ్లో చేరి రెండే ఆటల్లో తేల్చేసుకుంటాయి. ఎనిమిది నెలలు పండించిన పంటని మూడు రోజుల్లో నూర్చినట్టు.

ఆయన పది నిమిషాలు చూశారు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

"ఒరేయ్, ఇది పెళ్లి వడ్డనరా" అన్నారు.

"అంటే ఏంటండీ?"

"విస్తట్లో అన్నం పెట్టేవాడు ముందు వెళ్తాడు. వాడి వెనక పప్పు. పప్పు పడ్డ క్షణానికి నెయ్యి గిన్నెవాడు అక్కడ ఉంటాడు. ఎవడైనా ఎవణ్ణైనా పిలుస్తున్నాడా? వెనక్కి తిరిగి చూస్తున్నాడా? చూడు వాళ్లని. అదిగో, ఆ మూల నల్ల బూట్లవాడు ఇప్పుడు కదుల్తాడు."

కదిలాడు. బంతి వాడి చేతిలోకి వచ్చింది. నా నోరు తెరుచుకుంది. హైదరాబాదు దాటి అవతలికి వెళ్లని మనిషి, ఆ జట్టుని చూడటం అదే మొదటిసారి. మనం బంతి వెంట పడుతుంటే ఆయన బంతి రాబోయే చోట కూర్చుని ఉన్నారు.

తర్వాత్తర్వాత ఇంకా వింతలు చూశాను. కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి, గచ్చు మీద బూట్లు కీచుమనే చప్పుడు వింటూ "ఇప్పుడు మనవాళ్లు కాపు కాస్తున్నారు, అలిసిపోయారు" అనేవారు. తెర చూస్తే అదే నిజం. నేను ఎన్నిసార్లు గుట్టుగా చానలు మార్చి వేరే ఆట పెట్టి పరీక్ష చేశానో. "ఇది వేరే ఊరి గచ్చురా, వెధవా" అనేవారు కళ్లు తెరవకుండానే.

మనవాళ్లు అంటే ఎవరో చెప్పాలి. మధ్యధరా సముద్రం పక్కన రేవు ఊరిది ఒక జట్టు ఉంది. దాని పేరు నాకు పలకడం రాదు, రాస్తే తప్పు రాస్తాను, రాస్తే ఆయన పైనుంచి విజిలు ఊదుతారు. "మనదీ రేవే, వాళ్లదీ రేవే" అని ఆయన వాళ్లని పట్టుకున్నారు. రేవువాళ్లు అనేవారు. ఓడ రాక ఏళ్లయిన బందరు రేవు పరిస్థితి ఏంటో మీకు తెలుసు, అయినా అలా అనేవారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఆటలు మనకి అర్ధరాత్రి అవుతాయి. మాస్టారు తొమ్మిదికి పడుకుంటారు, ఇల్లు కాలిపోతున్నా లేవరు. అందుకని నేను రికార్డు పెట్టి, పొద్దున్న ఐదున్నరకి పెన్‌డ్రైవులో పట్టుకెళ్లేవాణ్ణి. ఆయన స్నానం చేసి, కాఫీ తాగి, ఆరింటికి కూర్చుని అప్పుడే జరుగుతున్నట్టు చూసేవారు. చూసేలోపు స్కోరు తెలియకూడదు. అదొక్కటే నియమం. పేపర్లో పడుతుందేమోనన్న భయం లేదు, ఆ ఆటని మన పేపర్లు ఎప్పుడు పట్టించుకున్నాయి గనక? బందరు మొత్తంలో ఆ స్కోరు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. ఊరంతా కలిపి ఒక్కడంటే ఒక్కడు నోరు మూసుకోవాలి, ఆ ఒక్కడు నేనయ్యాను. మాస్టారి ఖర్మ.

నోరు మూసుకున్నాను. అబద్ధం కాదు. కానీ ఆయన నా మొహం చూసి చెప్పేసేవారు. "గెలిచారు. నీ ఎడం చెంప నవ్వుతోంది." ఆ కోపంతో ఆ ఆట చూసేవారు కాదు. దాంతో నేను మొహానికి తువ్వాలు చుట్టుకుని రావడం మొదలుపెట్టాను, కళ్లు మాత్రం కనబడేలా. వీధికుక్కలు రెండు వారాలు నిద్రపోనివ్వలేదు ఎవర్నీ. అయినా లాభం లేకపోయింది. గేటు బయట నేను బండి స్టాండు వేసిన చప్పుడు విని లోపల్నుంచి అరిచారు, "ఓడిపోయారు కదరా? స్టాండు కాలితో తన్నావు!" మర్నాడు పాలావిడ చేతికిచ్చి పంపాను. ఆవిణ్ణి అడిగారు, "వాడు నీకిచ్చేటప్పుడు నవ్వాడా అమ్మా?" ఆవిడ "పళ్లన్నీ కనబడ్డాయండీ మాస్టారూ" అంది. అయిపోయింది.

నాకు పంతం వచ్చింది. ఇంత బతుకూ బతికి, హెడ్‌మాస్టారిని బతికుండగానే చంపినవాణ్ణి, ఈయన్ని ఒక్కసారి మోసం చెయ్యలేనా అనుకున్నాను. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లిన కొత్తల్లో ఒకరోజు రేవువాళ్లు గెలిచారు. గెలిచారని నాకు తెలుసు. వెళ్లి, తువ్వాలు తీసేసి, గుమ్మంలో నిలబడి, పొరపాటున నోరు జారినట్టు "ఓడిపోయారండీ" అన్నాను. ఇదిగో, ఇది అబద్ధం.

నా మీద చెయ్యి లేపుతారనుకున్నాను. లేపలేదు. కుర్చీలో మెల్లగా కూర్చుని "సరే, వెయ్యి" అన్నారు.

ఆ రోజు ఆయన చూసినట్టు ఆట ఎవరూ చూసి ఉండరు. మామూలుగా అయితే స్కోరు వంక చూసి కుర్చీ చేతులు కొట్టే మనిషి, ఆ రోజు కదల్లేదు. ఒక్కొక్కణ్ణే చూపించారు. "వీడి చీలమండ నొప్పి, దాచుకుంటున్నాడు. అదిగో, తనకి ఖాళీ ఉన్నా పక్కవాడికి ఇచ్చాడు చూడు, వాడు అంతకుముందు రెండు పోగొట్టుకున్నాడు, ధైర్యం రావాలని ఇచ్చాడు." నేను గోడకి ఆనుకుని నవ్వు బిగబట్టుకుని నిలబడ్డవాణ్ణి, నెమ్మదిగా కిందకి జారి కూర్చుండిపోయాను. ఆఖరి సెకనులో రేవువాళ్లు బంతి వేసి గెలిచారు. ఆయన ఒక నిమిషం తెరనే చూశారు. తర్వాత నన్ను చూశారు.

"అబద్ధం చెప్పావా?"

"చెప్పానండీ."

చిన్నపిల్లాడిలా పకపకా నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. అమ్మగారు మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఒరేయ్, గెలుస్తారేమోనని చూసినన్నాళ్లూ స్కోరే చూశానురా. ఓడిపోయారని తెలిశాక, ఎంత బాగా ఆడుతున్నారో కనబడింది. ఇకనుంచి ప్రతిసారీ ఓడిపోయారనే చెప్పు. గెలిచినా సరే, ఓడినా సరే."

అలా మొదలైంది. వారానికి రెండు పొద్దుటిపూటలు నేను తువ్వాలు కట్టుకుని గేటు తీసి, వీధంతా వినబడేలా "ఓడిపోయారండీ!" అని అరిచి, లోపలికి వెళ్లేవాణ్ణి. పక్కింటి బావగారికి క్రికెట్టు తప్ప ఇంకో ఆట ఆటే కాదు. కొన్నాళ్లు చూసి, ఆగలేక గోడ మీంచి అడిగారు.

"ఏమండీ మాస్టారూ, నెలల తరబడి వరసగా ఓడిపోయే జట్టుని ఎందుకు చూస్తున్నారండీ? మార్చెయ్యండి. అసలు ఆ పొడుగాటివాళ్లు బుట్టలో బంతి వెయ్యడం గొప్పేంటి, మా తోటలో కొబ్బరికాయలు దించడానికి పనికొస్తారు."

"మీరు ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవండి బావగారూ. అప్పుడు మాట్లాడుకుందాం."

బావగారు ప్రయత్నించారు. చేతులు ఆనించాల్సొచ్చింది. ఆ తర్వాత గోడ మీంచి మాట్లాడటం తగ్గించారు.

ఈ ఏడాది సీజను సగం దాటేసరికి మాస్టారికి అన్నం సయించడం మానేసింది. అమ్మగారు ఏం వండినా రెండు ముద్దలు. వాళ్లకి పిల్లల్లేరు, ఉన్న బంధువులు చల్లపల్లిలో ఉంటారు. కారు మాట్లాడి నేనే గుడివాడ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ పరీక్షలు చేసి, ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. డాక్టరుగారు చాలా మెత్తగా చెప్పారు. మెత్తగా చెప్పేసరికే సగం అర్థమైపోయింది. కాలేయంలో గడ్డ. ఈ వయసులో కొయ్యడం, కాల్చడం పెట్టుకోవద్దన్నారు. ఎన్నాళ్లండీ అంటే, వారాలు లెక్కపెట్టుకోండి, నెలలు వద్దు అన్నారు.

బయటికొచ్చాను. వరండాలో ఆ చివర బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నారు, మోకాళ్ల మీద చేతులు, తెల్ల బూట్లు రెండూ ఒక్క గీత మీద. అంత పొడుగు వరండా నేను ఎప్పుడూ నడవలేదు. ఉన్న నటనంతా కాళ్లలోకి తెచ్చుకున్నాను. తువ్వాలు లేదు, ఏం చెయ్యను? ఆయన నన్ను ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశారు.

"ఏమైందిరా? ఓడిపోయామా?"

ఏడాదిగా వారానికి రెండుసార్లు అరుస్తున్న మాటే. నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"గెలిచారండీ" అన్నాను.

ఇదిగో, ఇది రెండో అబద్ధం. ఆయనకి మొదటిసారి గెలిచారని చెప్పాను. అందుకే తెలిసిపోయింది. ఆయన తల ఊపి, కాసేపు బూట్లు చూసుకుని అడిగారు.

"ఫైనల్ దాకా ఉంటానన్నారా?"

"కష్టమన్నారండీ."

"సరే. టీ తాగుదాం పద."

బస్టాండు దగ్గర టీ బండి. టీ పోసేవాడు గ్లాసు వంక చూడకుండా పైనుంచి కిందకి సాగదీసి పోస్తున్నాడు. మాస్టారు టీ తాగలేదు, గ్లాసు చేతిలో పట్టుకుని వాడి కాళ్లనే చూస్తున్నారు. "బరువు మొత్తం ఎడం కాలి మీద పెట్టాడు చూడు. ఆ చెయ్యి అందుకే వణకట్లేదు." తిరుగు ప్రయాణంలో గుడ్లవల్లేరు దాటి పెడన వచ్చాక కారు ఆపమన్నారు. రోడ్డుపక్క షెడ్డులో కలంకారీ అద్దకం పనివాళ్లు. పొడుగాటి బల్లకి అటొకరు, ఇటొకరు. అచ్చు రంగులో ముంచడం, గుడ్డ మీద పెట్టడం, పిడికిలితో ఒక్క గుద్దు, మళ్లీ ముంచడం. ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగలదు, ఒక పువ్వు ఇంకో పువ్వు మీద పడదు, ఎవరూ ఎవరితో మాట్లాడరు. మాస్టారు ద్వారం పట్టుకుని అరగంట నిలబడ్డారు.

"ముప్పై ఏళ్లుగా ఈ రోడ్డున పోతున్నాన్రా. ఒక్కసారి కూడా ఎందుకు ఆగలేదు?"

నేను కారు తలుపు తీసి పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే యావ. ఫైనల్ దాకా ఆయన ఉండాలి. నేను గుళ్లకి వెళ్లే రకం కాదు, దేవుడి మీద కూడా నాలుగు జోకులేసి ఉన్నాను, ఇప్పుడు ఏ మొహంతో అడగను? అమ్మగారు మాత్రం మన పక్కనున్న శ్రీకాకుళం ఊరికి వెళ్లి ఆంధ్ర మహావిష్ణువుకి దణ్ణం పెట్టుకొచ్చారు. "ఏం కోరుకున్నారండీ?" అంటే, "ఆ రేవువాళ్లు ఎవరో, వాళ్లు ఆఖరిదాకా ఆడాలని. వాళ్ల ఆట ఉన్నన్నాళ్లూ ఈయన లేచి కూర్చుంటున్నారు" అన్నారు.

దేవుడు విన్నాడో, రేవువాళ్ల కాళ్లలో సత్తువే ఉందో, వడపోతలో వాళ్లు మిగిలారు. ఆ నాలుగు జట్లలో చోటు కోసం పెట్టే ఐదాటల పోటీ ఆఖరాటదాకా లాగి గెలిచారు. మాస్టారు కుర్చీలోంచి మంచానికి మారారు, మంచాన్ని హాల్లోకి మార్చాం. ఒళ్లు నానాటికీ పడిపోయింది, ముప్పై ఎనిమిది కేజీలు. మాట తగ్గింది. పొద్దున్న ఆరింటికి మాత్రం తల కింద రెండు దిళ్లు పెట్టించుకుని, తల దువ్వించుకుని సిద్ధంగా ఉండేవారు. సెమీఫైనల్ చూస్తూ మధ్యలో రెండుసార్లు నిద్రపోయారు. లేచి, "నేను లేనప్పుడు ఆ పొట్టివాడు ఏం చేశాడు?" అని అడిగారు. చెప్పాను. ఉన్నదున్నట్టే చెప్పాను. గెలిచి ఫైనల్‌కి వచ్చారు.

ఫైనల్ ఆదివారం, అంటే మనం చూసేది సోమవారం పొద్దున్న. ఆ ఆదివారం సాయంత్రం నేను నా జన్మలో చెయ్యని పని చేశాను. రికార్డు దానంతటదే ఎక్కేలా పెట్టి, ఫోను తీసుకెళ్లి మా ఆవిడ చేతిలో పెట్టాను. "రేపు మధ్యాహ్నందాకా ఇవ్వకు, అడిగినా ఇవ్వకు" అన్నాను. ఆవిడ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

పొద్దున్న బండి మామూలుగా ఆపాను. గేటు మామూలుగా తీశాను. అరవలేదు. తువ్వాలు లేకుండా హాల్లోకి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను.

"ఏంటిరా కొత్త వేషం?"

"ఈసారి నాకూ తెలీదండీ."

ఆయన నమ్మలేదు. నమ్మడానికి నేనేమన్నా బావగారినా? దగ్గరికి రమ్మన్నారు. వంగాను. నా గడ్డం పట్టుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు, పశువుల సంతలో పళ్లు చూసినట్టు. కళ్లు గుంటల్లోకి పోయినా ఆ చూపు అలాగే ఉంది. చాలాసేపు చూశారు. నా మాట ఒక మనిషి నమ్మాలని అంతలా కోరుకోవడం నాకు తెలియని బాధ.

"నిజమేరా. నీకు తెలీదు" అన్నారు.

కాస్త జరిగి, మంచం మీద చోటిచ్చారు. "అయితే ఇలా కూర్చో." అన్నేళ్లూ నేను గోడ దగ్గరే నిలబడేవాణ్ణి, తెలిసినవాడు తెలియనివాడి పక్కన కూర్చోకూడదని ఆయన నియమం. ఆ రోజు ఇద్దరం తెలియనివాళ్లం, పక్కపక్కన కూర్చున్నాం.

ఆ నలభై నిమిషాల ఆట నేను మీకు చెప్పలేను. ఆ ఊళ్లో ఇరవై వేలమంది ఒకే గొంతుతో పాడుతున్నారు. ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది, కాకి కాలంత చెయ్యి, అది బిగిసినప్పుడల్లా నాకు ఎముక నొప్పెట్టింది. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనక ఉన్నారు. బంతి మనవాళ్ల చేతిలోనే ఉంది. వేశారు. రింగు అంచు మీద తిరిగింది, తిరిగి బయటికి పడింది.

ఒక్క పాయింటు.

అమ్మగారు వంటింట్లోంచి వచ్చి ఏమైందన్నట్టు చూశారు. నా నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది, "ఓడిపోయారండీ."

"నాకు తెలుసులే నాయనా, రోజూ చెబుతూనే ఉన్నావుగా" అని ఆవిడ మాగాయ ముక్కలు ఎండబెట్టడానికి డాబా మీదకి వెళ్లిపోయారు.

మాస్టారు పడుకుంటారనుకున్నాను. "మళ్లీ మొదట్నుంచీ వెయ్యి" అన్నారు. "ఇప్పుడు ఆట చూద్దాం."

మళ్లీ వేశాను. రెండోసారి ఆయన చూపు బంతి మీద లేదు. రేవువాళ్ల జట్టులో ఒక ముసలివాడున్నాడు. ముసలివాడంటే ముప్పై ఏడో ఎనిమిదో, ఆ ఆటకి అది మన మాస్టారి వయసు. రెండు మోకాళ్లకీ ఐసు కట్టుకుని బెంచీ మీదే కూర్చున్నాడు ఆటంతా. ఆఖర్లో మూడు నిమిషాలు దింపారు. ఒక్క బంతి ముట్టుకోలేదు. మొదటిసారి చూసినప్పుడు వాడు లోపలికి వచ్చాడని కూడా నాకు తెలీదు.

"ఆపు. వెనక్కి తిప్పు. వాడి కాళ్లు చూడు."

ఏం చేశాడంటే, బంతి ఉన్న కుర్రాడి వెంట పడుతున్నవాడి దారిలోకి వెళ్లి ఊరికే నిలబడ్డాడు. అంతే. స్క్రీను అంటారు దాన్ని. చెయ్యి చాపకూడదు, నెట్టకూడదు, ఒకసారి నిలబడ్డాక కదలకూడదు. వచ్చేవాడు వచ్చి గుద్దుకుంటాడు, ఆ ఒక్క క్షణంలో మనవాడికి దారి దొరుకుతుంది. దొరికింది. ఆ బంతి రింగు దాకా వెళ్లిందంటే ఈ ముసలివాడు నిలబడ్డందుకే.

"నేనూ చూడలేదురా మొదటిసారి" అన్నారు మాస్టారు. "బంతినే చూశాను. ఇన్నేళ్లు మీకు చెప్పి, నేనే బంతిని చూశాను."

అని, మంచం పట్టె పట్టుకుని లేవబోయారు.

"అయ్యో, పడుకోండి మాస్టారూ."

"నోర్ముయ్. నీకు చూపించాలి. నువ్వు స్కూల్లో ఇది నేర్చుకోకుండా వెళ్లిపోయావు."

నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించారు. పది రోజుల తర్వాత ఆయన కాళ్లు నేల మీద ఆనడం అదే మొదటిసారి. హాలు మధ్యలోకి నాలుగడుగులు వచ్చి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డారు. పంచె వదులైపోయి ఒక మేకుకి తగిలించినట్టుంది.

"రా. నన్ను దాటి వంటింట్లోకి వెళ్లు."

ఆయనకి అటూ ఇటూ ఎద్దులబండి పట్టేంత చోటుంది. నేను తొంభై రెండు కేజీలు. ముట్టుకుంటే పడిపోతారేమోనని మెల్లగా నడిచాను.

"వెధవా, నడవమన్లేదు. దాటమన్నాను."

సరే అని కుడివైపు వెళ్తున్నట్టు భుజం చూపించి ఎడంవైపు జరిగాను. నా జీవితమంతా ఆ విద్య మీదే బతికాను, అటు చూపించి ఇటు పోవడం. నేను జరిగిన చోట ఆయన ఉన్నారు. కదిలి రాలేదు, నేను ఎటు పోతానో నాకు తెలియకముందే అక్కడ నిలబడి ఉన్నారు. నా రొమ్ము ఆయన భుజానికి తగిలింది. ఎముక. గట్టిగానే తగిలింది, నాకు ఊపిరి ఆగింది. ఆయన వెనక్కి ఒక్క అంగుళం పోలేదు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి వెళ్లాను, ఈసారి నిజంగానే వెళ్లాను. దాటలేకపోయాను.

మోకాళ్లు వణుకుతున్నాయి ఆయనకి. మడమలు వణకట్లేదు. అమ్మగారు డాబా మీంచి దిగి, చేతుల నిండా ఉప్పూ పసుపుతో గుమ్మంలో ఆగిపోయారు. లోపలికీ రాలేదు, పడుకోబెట్టమనీ అనలేదు. వెనకాల టీవీలో ఆఖరి నిమిషం మళ్లీ నడుస్తోంది, ముగ్గురిలో ఎవరమూ అటు చూడలేదు. ఎర్ర గచ్చు మీద ఆయన కాలివేళ్లు పదీ తెల్లబడేలా నొక్కుకుని ఉన్నాయి.